కాపాడినవానికిని కాపు కావలయును

మంటలలో జొరబడి మనుష్యులను మోసికొనివచ్చియు, నుజ్జయిన వాహనములనుండి క్షతగాత్రులను వెలికిదీసియు, ఊపిరాడని పసిబిడ్డ రొమ్మునొత్తుచు ఆసుపత్రి ద్వారము దాక ఆశ విడువకయు యౌవనమంతయు గడపిన మనుష్యుడు, ఉద్యోగవిరమణానంతరము తన యింట, తన పడకపై, నడిరేయి ఉలికిపడి లేచి కూర్చుండుట చూచి, లోకము దానిని పిరికితనమనియో వయోభారమనియో తలంచును. ఆ రెండును గావు. అది మనస్సునకు తగిలిన గాయము.

ప్రథమ ప్రపంచ సంగ్రామమున సైనికులయందు కనిపించిన ఇట్టి వేదనను ‘షెల్ షాక్’ అనిరి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన వ్యాధి వర్గీకరణమున దీనికి ప్రత్యేక స్థానమొసగెను. సైరను వినబడినంతనే గుండె దడదడలాడుట, కాలిన రబ్బరు వాసనకు పూర్వదృశ్యము మరల కన్నులయెదుట జరుగుచున్నట్లే తోచుట, ప్రమాదము జరిగిన దారి మాని చుట్టుదారిన పోవుట, ఆత్మీయుల నడుమనుండియు పరాయివానివలె నుండుట — ఇట్టివి నెలకు మించి నిలిచి బ్రదుకును కుంటుపరచినచో, అది సిగ్గుపడవలసిన దోషము గాదు, చికిత్సకు లొంగు వ్యాధి.

2005లో హైదరాబాదున ఆరంభమైన 108 అంబులెన్సులలో పనిచేయువారికైనను, అగ్నిమాపక దళమువారికైనను, విధినిర్వహణ సమయమున దుఃఖము నణచికొనుట ఒక విద్య. అది లేనిదే చేయి వణకును, ప్రాణము దక్కదు. కాని రణము ముగిసిన పిమ్మటను అల్లెత్రాడు దింపని విల్లువలె, ఆ నిగ్రహమే విడువరాని అలవాటైనపుడు, ఒకనాడు పరులను రక్షించిన గుణమే తన స్వస్థతకు అడ్డుగోడయగును. కావున కోలుకొనుట యనగా మఱచిపోవుట గాదు. మౌనమునభ్యసించినవాడు పలుకుట నభ్యసించుట.

ఈ సత్యమును మన భారతమేనాడో యెఱుగును. విజయము లభించియు ధర్మరాజు సింహాసనమెక్కనొల్లక, కర్ణుడు తన యగ్రజుడని తెలిసి కుమిలి, అడవులకు పోయెదననినపుడు, తమ్ములును ద్రౌపదియు వ్యాసుడును కృష్ణుడును అతని నొంటరిగా విడువలేదు. పిదప అంపశయ్యపైనున్న భీష్ముని చెంతకు గొనిపోయి ప్రశ్నింపజేసిరి. గాయమెఱిగినవాని సన్నిధియందే గాయపడినవాని నోరు విచ్చికొనును. “ఇంచుక ముందు చేరియుంటినేని బ్రదికెడివాడే” యని తన్నుతాను నిందించుకొను రక్షకుడును తన తోటివారి నట్లే ఆశ్రయింపవలయును.

అమెరికా వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన గ్రంథమున ఇట్టి గాయమునుండి కోలుకొనుటకు మూడు దశలను నిరూపించెను. తొలుత భద్రత: వేళకు నిద్ర, వేళకు భోజనము, మఱపుకొఱకు మద్యమునాశ్రయింపకుండుట. పిదప స్మరణము: జరిగినదానిని శిక్షణగల వైద్యుని యెదుట, తాళగలిగినంత మేరకే, కొంచెము కొంచెముగా చెప్పి శోకింపవలసినదానికి శోకించుట, కుటుంబము వినవలయునే గాని బలవంతపెట్టరాదు. తుదకు లోకముతో పునస్సంబంధము. తొలి యడుగు వేయజాలనివారు 14416 సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వపు మానసికారోగ్య సహాయవాణియగు టెలి మానస్ సలహాదారులు తెలుగులోనే మాటలాడుదురు.

ఆ మూడవ దశయందు పూర్వవిద్య వృథాపోదు. ఆగిన గుండెకై రొమ్మును నిమిషమునకు 100 మొదలు 120 మార్లు ఎట్లొత్తవలెనో ఊరి యువకులకు నేర్పువాడు, దక్కని ప్రాణముల లెక్కనుండి దక్కబోవు ప్రాణములవైపు తన దృష్టిని మరల్చుకొనును. ఎన్నడును సాయమడుగని ఓ రక్షకుడా, ఆపదలో పిలిచినవారిని నీవు దుర్బలులని తలపలేదు. నీవు పిలిచినపుడును ఆ న్యాయమే నీకు వర్తించును.