కళ్లం చూశాకే కర్మాగారం

చి. బుజ్జికి,

స్నేహితురాళ్లతో కలిసి యడ్లపాడు దగ్గరి స్పైసెస్ పార్కులో కారం ఫ్యాక్టరీ చూడటానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా గుంటూరు పోయి, హైవే మీద వెనక్కి రావాలనే ఆలోచన మానుకోండి. పర్చూరు మీదుగా చిలకలూరిపేట చేరండి. ఫిబ్రవరి కదా, దారి పొడవునా నల్లరేగడిలో పత్తి ఆఖరి తీతలు, పక్క చేలో మిరప కోతలు కనిపిస్తాయి. ఎర్రగా పరిచిన కళ్లం కనపడితే కారు ఆపండి. ఫొటోకి కాదు, అడిగి తెలుసుకోవడానికి.

పండు మిరపకాయలో మూడొంతుల దాకా నీరే. అది పది శాతానికి దిగాలి. రాత్రి మంచుకు కాయ తడవకుండా పట్టాలు కప్పారా, కటిక నేల మీదే ఆరబోశారా, తాలు కాయ ఏరారా, చూడు. టిక్కీల్లో, అంటే బస్తాల్లో, తొక్కేటప్పుడు కాయ విరక్కుండా కొందరు నీళ్లు చల్లుతారు. తూకమూ కాస్త కలిసొస్తుందనుకో! ఆ తడిలోనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఐరోపా వాళ్లు కిలో కారంలో బి1 రకం 5 మైక్రోగ్రాములు దాటితే సరుకు ఒప్పుకోరు. ఆవిరి పట్టిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఈ విషం పోదు. మరపట్టినా పోదు.

అందుకే ఫ్యాక్టరీలో తళతళలాడే ప్యాకింగ్ హాలు దగ్గర ఎక్కువసేపు నిలబడకు. వాళ్లు ముందు అదే చూపిస్తారు. సరుకు లారీ దిగే చోటికి తీసుకెళ్లమను. నమూనా ఏ బస్తాల నుంచి తీస్తారు, లాట్ తిప్పి పంపితే అది ఎక్కడికి పోతుంది అని అడుగు. రెండో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. రంగు కల్తీ సంగతీ అడుగు. 2005లో బ్రిటన్‌లో సుడాన్ అనే నిషిద్ధ రంగు కలిసిన కారం మూలంగా వందల రకాల సరుకులు దుకాణాల నుంచి వెనక్కి తీశారు. ఆ కారం మన దేశం నుంచి వెళ్లిందే. రంగు పరీక్ష ఎలా చేస్తారో ల్యాబులో దగ్గరుండి చూడు.

ఓలియోరెసిన్, అంటే కాయలోని ఘాటు, రంగు ఉండే సారం, తీసే యూనిట్ ఉంటే ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయండి. అక్కడ వాడే హెక్సేన్‌కు నిప్పురవ్వ చాలు. కారానికి తేజ రకం, రంగుకు బ్యాడిగ రకం ఎందుకు కొంటారో అక్కడ తెలుస్తుంది. ఒక కాయ చీల్చి చూడు. ఘాటంతా గింజల్ని పట్టి ఉంచే తెల్లటి పొరలో ఉంటుంది, మన నాయనమ్మలు గింజని తిట్టారు గానీ.

గుంటూరు మిర్చి యార్డు కూడా చూడాలనుంటే శని, ఆదివారాలు సెలవు, పొద్దున్నే వెళ్లండి. మాస్కులు, మజ్జిగ దగ్గర పెట్టుకోండి. ఇంటికొచ్చి స్నానం చేసేదాకా కళ్లు నులుముకోవద్దు.

మీ పెదనాన్న