వెబ్ అప్లికేషన్ వేగం: సర్వర్ పనెంత, బ్రౌజర్ పనెంత?

వెబ్ అప్లికేషన్ కోడ్ రెండు చోట్ల నడుస్తుంది. పీహెచ్‌పీ లాంటివి సర్వర్‌లో, జావాస్క్రిప్ట్ బ్రౌజర్‌లో. అయితే ర్యాన్ డాల్ 2009లో తెచ్చిన నోడ్.జేఎస్‌తో జావాస్క్రిప్ట్ సర్వర్‌లోనూ నడుస్తోంది. పరీక్షలో అభ్యర్థులు తికమక పడేది ఇక్కడే.

దరఖాస్తులో ఫోన్ నంబరు తొమ్మిది అంకెలే కొట్టారనుకోండి. ఆ పొరపాటును బ్రౌజరే పట్టేస్తే సర్వర్‌కు వెళ్లిరావడం తప్పుతుంది, సమయం మిగులుతుంది. కానీ బ్రౌజర్‌లోని తనిఖీని తెలిసినవాళ్లు సులువుగా దాటేస్తారు. అందుకే సర్వర్‌లో మళ్లీ తనిఖీ చేయాల్సిందే. వేగం కోసం దీన్ని వదిలేయవచ్చనే ఆప్షన్ ఎంచుకోకండి.

పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా కావలసిన భాగాన్నే తెచ్చే పద్ధతి అజాక్స్. 2005లో ఈ పేరు పెట్టింది జెస్సీ జేమ్స్ గారెట్. ఒకసారి తెచ్చిన ఫైళ్లను బ్రౌజర్ దాచుకోవడం క్యాషింగ్. దాచుకున్న ఫైలు మారలేదని తేలితే సర్వర్ 304 కోడ్ మాత్రమే పంపుతుంది, ఫైలు పంపదు. ఇక సర్వర్ వైపు డేటాబేస్ ఇండెక్సింగ్, జీజిప్ కుదింపు గుర్తుంచుకుంటే చాలు.

పేజీ పనితీరును కొలిచే గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ ప్రకారం పేజీలోని అతిపెద్ద అంశం 2.5 సెకన్లలోపు కనిపించాలి. స్పందన 200 మిల్లీసెకన్లు దాటకూడదు. స్పందనను కొలిచే ఎఫ్‌ఐడీ స్థానంలో 2024 మార్చిలో ఐఎన్‌పీ వచ్చింది.