డ్రైవరన్నా, ప్రమాదం జరిగితే మొదటి 24 గంటలు ముఖ్యం

వికారాబాద్, తాండూరు రోడ్లపై ఆటో, ట్యాక్సీ, నాపరాయి లారీ నడిపే అన్నలు తరచూ అడిగే ప్రశ్నలివి.

ప్రశ్న: యాక్సిడెంట్ అయితే ముందు ఏం చేయాలి?
జవాబు: గాయపడినవారి కోసం 108కు ఫోన్ చేయండి. 24 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెప్పేది ఇదే. జనం కొడతారని భయమైతే నేరుగా స్టేషన్‌కే పోండి, ఇంటికి కాదు. ఇన్సూరెన్స్ కంపెనీకి పాలసీ నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, చోటు రాసివ్వండి.

ప్రశ్న: కార్డులు ఇంట్లో మరిచిపోతే?
జవాబు: డిజీలాకర్ లేదా ఎంపరివాహన్ యాప్‌లో లైసెన్స్, ఆర్సీ చూపినా చెల్లుతుంది. ఫోన్‌లో తీసుకున్న మామూలు ఫోటో చెల్లదు.

ప్రశ్న: థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌తో నా బండి రిపేరుకు డబ్బులొస్తాయా?
జవాబు: రావు. అది అవతలివారి నష్టానికే. మీ బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉండాలి.

ప్రశ్న: నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు?
జవాబు: బండి మీ పేరున ఉండి, పాలసీలో ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా ఉంటే రూ.15 లక్షలు. లైసెన్స్ గడువు దాటితే అవి రావు. బ్యాంకు ఖాతా ఉన్న 18–70 ఏళ్లవారు ఏడాదికి రూ.20 కడితే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద మరో రూ.2 లక్షలు. క్లెయిమ్‌కు ఎఫ్ఐఆర్ అడుగుతారు. అందుకే రోడ్డు మీదే రాజీ పడి వదిలేయకండి.

ఇవాళే లైసెన్స్, పాలసీ గడువు తేదీలు చూసుకోండి. కాగితాలు ఎక్కడ పెట్టారో ఇంట్లో చెప్పండి.