కొనువాని నీతి

పఠింపవలసిన భాగములు: సామెతలు 20:14, ఆమోసు 8:4-6, యోహాను 6:12.



దొంగత్రాసు పట్టువారిని, ధాన్యములో తాలు కలిపి అమ్మువారిని ఆమోసు ప్రవక్త గద్దించెను. అది వర్తకులకు చెప్పిన మాట గదా అని మనము నిమ్మళముగా కూర్చుందుము. అయితే సామెతల గ్రంథము కొనువానిని కూడ విడిచిపెట్టలేదు. సరుకును తక్కువచేసి మాటలాడి, ధర తగ్గించుకొని, ఇల్లు చేరులోగా తన తెలివికి తానే మురిసిపోవువానిని అది మనకు చూపుచున్నది.

ఈ వాక్యము మమ్మును గుచ్చినది. ఒక దినమున మేము పట్టణములోని సేంద్రియ ధాన్యముల అంగడికి వెళ్లి, పొట్లముమీద ఉన్న ధర యిచ్చి, మారు మాటలాడక కొఱ్ఱలు కొంటిమి. తిరిగి వచ్చుచు సంతలో గంప పెట్టుకొని కూర్చున్న ఒక అవ్వయొద్ద రాగులు బేరమాడి, కిలోకు ఐదు రూపాయలు తగ్గించితిమి. "అయ్యగారూ, మీరు కూడా ఇట్లా అడిగితే ఎట్లయ్యా?" అని ఆమె నవ్వెను. అంగడిలో పెగలని నోరు గంప యెదుట ఎక్కడినుండి వచ్చెను?

కావున కొనువారముగా మనము మూడు సంగతులు ఆలోచింతము.

1. పొరుగువాని క్షేమము. పురుగుమందు చల్లువారు ఎవరు? కూలికి వెళ్లు మన సహోదరులే. ముఖమునకు తువాలు కట్టుకొని దినమంతయు చల్లి, కండ్లు మండుచు, తల తిరుగుచు ఇల్లు చేరుదురు. మందు లేని పంటను కొనుట మన కడుపు కొరకే కాదు, వారి ఊపిరి కొరకు కూడ.

2. నమ్మకము, ధర. 2017లో చేయబడిన నిబంధనల ప్రకారము, సేంద్రియమని అమ్ము పొట్లముపై ధ్రువీకరణ గుర్తు ఉండవలెను. తన పంటను తానే తినువారికి నేరుగా అమ్ము చిన్న రైతుకు ఆ ధ్రువపత్రమునుండి మినహాయింపు కలదు. కాబట్టి గుర్తు లేదని అతనిని అబద్ధికుడనవద్దు. ఏ ఊరి పంట? జీవామృతము వాడితివా? తెగులుకు ఏమి చల్లితివి? అని మర్యాదగా అడుగుడి.

"అది కలవారి తిండి" అని కొందరందురు. ధర ఎక్కువన్నది నిజమే. రేషను బియ్యము తినువారు సిగ్గుపడనక్కరలేదు; అప్పుచేసి సేంద్రియము కొనుడని మేము చెప్పము. ఒక్క వస్తువుతో ఆరంభింపవచ్చును. పది ఇండ్లవారు కలిసి, తెలిసిన రైతుయొద్ద ఒక బస్తా కొని పంచుకొనవచ్చును. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతములో, 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని పేద స్త్రీలు, అధికులు దళితులు, మెట్ట చేలలో జొన్నలు, కొఱ్ఱలు, సామలు, పప్పుధాన్యములు కలిపి పండించి, విత్తనములను ఇంటనే దాచుకొనుచు వచ్చిరి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించెను. ఈ తిండి మొదట బీదలదే.

3. వ్యర్థము చేయకుండుట. ఐదువేలమంది తిన్న తరువాత కూడ ప్రభువు మిగిలిన ముక్కలను పోగుచేయించెను. సమృద్ధి యిచ్చినవాడే వ్యర్థమును సహింపలేదు. గుడ్డ సంచి, నూనెకు సీసా ఇంటినుండియే తీసికొనిపొండి. దంపుడు బియ్యము నెలకు సరిపడునంతే కొనుడి. ఎక్కువ నిలువచేసిన పురుగు పట్టును. సజ్జపిండి త్వరగా చేదెక్కును గనుక వారమునకు కావలసినంతే పట్టించుకొనుడి. మంచి ధాన్యమును కొని పెంటపాలు చేసినయెడల రైతు చెమటను పారవేసినట్లే.

మరుసటి సంతదినమున మేము తగ్గించిన సొమ్మును అవ్వ చేతిలో పెట్టితిమి. ఆమె లెక్క చూచుకొని కొంగున ముడివేసికొని, దోసెడు రాగులు తీసి మా సంచిలో వేసెను. న్యాయమైన ధరకు లోకములో దొరకని కొసరు అది.

ఇంట ఆలోచించుటకు: ఈ నెల మనము ఎవరియొద్ద బేరమాడితిమి? ఎవరియొద్ద ఆడలేదు? ఎందుచేత?

ప్రార్థన: ప్రభువా, మా త్రాసును మాత్రమే గాక మా నాలుకను, మా చేతి సంచిని కూడ నీతిగా ఉంచుము. ఆమేన్.