ఎడారి బాటపై సైకిలు

కొండదారులకు తగిన సైకిలు 1970 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, టమల్పాయిస్ పర్వతపు వాలులపై రూపుదిద్దుకున్నది. ఎడారి నేలపై ఈ క్రీడకు ప్రసిద్ధి చెందిన స్థలం యూటా రాష్ట్రంలోని మోయబ్ పట్టణం. అక్కడి ‘స్లిక్‌రాక్’ బాటను 1969లో మోటారు సైకిళ్ల కొరకు ఏర్పరచారు. ఆ మాటకు జారుడు రాయి అని అర్థం. ఇనుప లాడాలు తొడిగిన గుర్రాలు ఆ ఇసుకరాతిపై జారేవి. రబ్బరు చక్రానికి మాత్రం ఆ రాయి చక్కని పట్టునిస్తుంది. టైరులో గాలి కొంత తగ్గించినచో అది వెడల్పుగా నేలకానుతుంది. మెత్తని ఇసుకలో అంతగా కూరుకుపోదు.

ఇంతకంటె ముఖ్యమైన పాఠం బాట పక్కన ఉన్నది. నల్లగా, గరుకుగా కనిపించే ఆ నేలపొర సజీవమైనది. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి ఇసుక రేణువులను బంధించి, గాలివానలకు నేల కొట్టుకుపోకుండా కాపాడుతాయి. ఒక్క చక్రం దొర్లినా ఆ పొర చిట్లుతుంది. అది కోలుకొనుటకు దశాబ్దాలు పట్టవచ్చు. రాతిపై వేసిన తెల్లని గుర్తుల వెంట సాగేవారు దారి తప్పరు, నేలనూ చెరపరు.

సైకిలుపై గుట్టలెక్కగోరు మన విద్యార్థులు సైతం నలిగిన బాటనే పట్టి సాగవలెనని మేము కోరుతున్నాము.