కాంతి ఆకారాన్ని మలిచే ఇంజినీర్లు

ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్‌లో కాంతి నడిచే దారి, అంటే కోర్, మందం సుమారు 9 మైక్రాన్లే. అంత సన్నటి దారిలో కాంతి ఒకే ఆకారంలో ప్రయాణిస్తుంది: నడుమ ప్రకాశించే గుండ్రటి చుక్క. కోర్‌ను కాస్త వెడల్పు చేస్తే రెండు రెక్కలుగా, వలయాలుగా మరికొన్ని ఆకారాలకూ చోటు దొరుకుతుంది. వీటినే మోడ్‌లంటారు. ఒక్కో మోడ్‌తో వేర్వేరు డేటా పంపగలిగితే ఒకే ఫైబర్ సామర్థ్యం ఎన్నో రెట్లవుతుంది. 2013లో బోస్టన్ యూనివర్సిటీ బృందం సుడి తిరిగే మోడ్‌లతో, పది తరంగదైర్ఘ్యాలు వాడి, 1.1 కిలోమీటర్ల ఫైబర్‌లో సెకనుకు 1.6 టెరాబిట్లు పంపింది.

గుండ్రటి లేజర్ కిరణాన్ని కావలసిన మోడ్‌గా మార్చే సాధనాల్లో ముఖ్యమైనవి డిఫ్రాక్టివ్ ఆప్టికల్ ఎలిమెంట్లు, అంటే సూక్ష్మమైన లోతులు చెక్కిన పలకలు. రెండు రెక్కల మోడ్ కావాలంటే సిలికా గాజు పలకలో సరిగ్గా సగాన్ని 1.75 మైక్రాన్ల లోతు ఎచింగ్ చేస్తే చాలు. 1550 నానోమీటర్ల కాంతి పలక దాటేసరికి రెండు సగాల మధ్య అర తరంగం తేడా వస్తుంది. లెన్స్‌తో ఫైబర్ ముఖం మీద కేంద్రీకరిస్తే మధ్యలో నల్లటి గీత, అటూ ఇటూ రెండు వెలుగు మచ్చలు కనిపిస్తాయి. క్లిష్టమైన మోడ్‌లకు ఎక్కడెంత లోతు చెక్కాలో కంప్యూటరే లెక్కగడుతుంది.

చాలామంది విద్యార్థులు స్క్రీన్ మీద అందమైన ఫలితం రాగానే ఆగిపోతారు. అసలు పరీక్ష పలకను తయారుచేసే ఫ్యాబ్‌లో ఉంటుంది. క్లిష్టమైన మోడ్‌లకు నునుపుగా మారాల్సిన లోతును అక్కడ మెట్లుమెట్లుగా చెక్కుతారు. సిద్ధాంతపరంగా చూసినా లోతులో రెండు మెట్లే ఉంటే పనికొచ్చే కాంతి సుమారు 40 శాతం, నాలుగుంటే 81, ఎనిమిదుంటే 95. ఎనిమిది మెట్లకు, ఎక్కడ చెక్కాలో నిర్ణయించే మూడు మాస్క్‌లు ఒకదానిపై ఒకటి కచ్చితంగా కుదరాలి. ఆ కుదరడంలో తేడా వస్తే ఎంత నష్టమో చెప్పగలిగినవారికే ఇంటర్వ్యూలో విలువ.

ఈ రంగంలో బీటెక్ కాగానే దొరికే డిజైన్ ఉద్యోగాలు తక్కువ. ఎంటెక్ లేదా పీహెచ్‌డీ దాదాపు తప్పనిసరి. ఫిజిక్స్ డిగ్రీవారికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎమ్మెస్సీ మంచి దారి. కొచ్చిలోని కుసాట్ ఫోటోనిక్స్ చెబుతుంది, తిరువనంతపురం ఐఐఎస్‌టీలో ఆప్టికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఉంది. పరిశోధనలో కొనసాగాలనుకునేవారు డెహ్రాడూన్‌లోని డీఆర్‌డీవో ల్యాబ్ ఐఆర్‌డీఈ, చండీగఢ్ సీఎస్‌ఐవో, ఫైబర్లకు కోల్‌కతా సీజీసీఆర్ఐ నోటిఫికేషన్లపై కన్నేయాలి. కంపెనీల విషయానికొస్తే, ఫ్రాన్స్‌లోని రెన్‌లో 2013లో పుట్టిన కైలాబ్స్ కంపెనీ వ్యాపారమే కాంతిని మలచడం.

సన్నాహానికి ల్యాబ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. పైథాన్‌లో 1972 నాటి గెర్చ్‌బర్గ్-సాక్స్‌టన్ అల్గారిథమ్ రాసి ఒక మోడ్‌కు కావలసిన లోతులు లెక్కగట్టి పలక డిజైన్ చేయాలి. తర్వాత లోతును ఎనిమిది మెట్లకు కుదించి, ఒక మాస్క్‌ను మైక్రాన్ పక్కకు జరిపి, సామర్థ్యం ఎంత పడిపోయిందో గ్రాఫ్ గీయాలి. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు కింద ఆ గ్రాఫ్ లింకు ఇవ్వాలి.