అంటువ్యాధితో మరణిస్తే పోస్టుమార్టం ఎలా?

2020 మార్చిలో జర్మనీలోని రాబర్ట్ కోచ్ ఇన్‌స్టిట్యూట్, కొవిడ్ మృతదేహాలను తెరిచి చేసే పోస్టుమార్టం వీలైనంత వరకు మానుకోవాలని సూచించింది. హాంబర్గ్ నగరం మాత్రం అలా చేయలేదు. అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రి వైద్యులు తొలి 12 మంది మృతులకు పూర్తి పోస్టుమార్టం చేశారు. వారిలో ఏడుగురికి సిరల్లో రక్తం గడ్డకట్టి కనిపించింది. బతికుండగా ఆ అనుమానం ఎవరికీ రాలేదు. నలుగురి మరణానికి ఆ గడ్డలు ఊపిరితిత్తుల ధమనులకు అడ్డుపడటమే నేరుగా కారణం. మృతదేహాలను తెరవకపోయి ఉంటే ఈ సంగతి అంత త్వరగా తెలిసేది కాదు.

మన దేశంలో 2020 మేలో ఐసీఎంఆర్ ఇచ్చిన మార్గదర్శకాలు జాగ్రత్త వైపే మొగ్గాయి. మెడికో-లీగల్ కేసుల్లో కొవిడ్ మృతదేహాన్ని కోయకుండా, పైపై పరీక్షతో సరిపెట్టాలని చెప్పాయి. సిబ్బందికి ప్రాణాపాయం ఉంటుందన్నది కారణం. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే అసలు ప్రమాదం ఎక్కడుందో చూడాలి.

మృతదేహం దగ్గదు, తుమ్మదు. కోసే పనే సూక్ష్మక్రిములను గాలిలోకి లేపుతుంది. పుర్రెను తెరిచే విద్యుత్ రంపం రక్తం, ఎముక పొడి కలిసిన సన్నని తుంపరలను వెదజల్లుతుంది. ఊపిరితిత్తులను నొక్కినా, కోసినా క్షయ బాక్టీరియా గాలిలో కలవొచ్చు. విరిగిన పక్కటెముక మొన, చేతిలోని కత్తి గ్లౌజును చీలిస్తే హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి సోకే అవకాశం ఉంది. అందుకే గదిలో గాలి బయటి వరండాలోకి పోకుండా పీడనం తక్కువగా ఉంచుతారు. గంటకు కనీసం 12 సార్లు గాలి మారేలా చూస్తారు. చేతి రంపం గానీ, పొడిని పీల్చుకునే గొట్టమున్న రంపం గానీ వాడతారు. కత్తి ఒక సమయంలో ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఎన్-95 మాస్కు, కోత పడని గ్లౌజులు సరేసరి. క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ వంటి ప్రియాన్ వ్యాధుల్లో మాత్రం ఫార్మలిన్ కూడా పనిచేయదు. వాటికి వేరే పద్ధతి ఉంది.

చట్టం సంగతి. మరణ కారణంపై అనుమానం ఉంటే పోలీసులు మృతదేహాన్ని పోస్టుమార్టానికి పంపుతారు. ఇది అప్పట్లో సీఆర్‌పీసీ 174వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్. దీనికి బంధువుల అనుమతి అక్కర్లేదు. జబ్బును అర్థం చేసుకోవడానికో, పరిశోధనకో చేసే పోస్టుమార్టానికి మాత్రం అనుమతి తప్పనిసరి. కడసారి చూపు దక్కుతుందా, అంత్యక్రియలు ఆలస్యమవుతాయా అన్నవి ఆ కుటుంబానికి పెద్ద ప్రశ్నలు. సంతకం అడిగేముందే వాటికి జవాబు చెప్పాలి.

గోప్యతతో మరో చిక్కు ఉంది. హెచ్‌ఐవీ ఉన్న సంగతి మార్చురీలో పనిచేసేవారికి తెలియాలా? 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ వివరాల గోప్యతను కాపాడుతుంది. సోకే ప్రమాదమున్న చోట పనిచేసేవారికి రక్షణ సామగ్రి, శిక్షణ ఇవ్వాలనీ అదే చట్టం చెబుతుంది. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గుర్తుతెలియని వ్యక్తి విషయంలో పరీక్ష ఫలితాలేవీ చేతికి రావు. కాబట్టి చీటీ చూసి జాగ్రత్త పడటం కంటే, వచ్చిన ప్రతి మృతదేహాన్నీ సోకే అవకాశం ఉన్నదిగానే చూడటం మేలు. అప్పుడు ఎవరి జబ్బూ బయటపెట్టాల్సిన పని ఉండదు.

నివేదికపై సంతకం వైద్యుడిది. చాలా చోట్ల రంపం పట్టేది, నేల కడిగేది మార్చురీ సహాయకుడు. హెపటైటిస్-బి టీకా, కొలతకు సరిపోయే మాస్కు, సూది గుచ్చుకుంటే వెంటనే ఎవరికి చెప్పాలో తెలియడం ముందుగా అందాల్సింది అతనికే.